రాష్ట్రానికంతటికీ మా ఆయనే నార్మల్

మా ఆయన నార్మల్ అని ప్రభుత్వం తేల్చిన కబురు వచ్చేసరికి నేను వంటింట్లో నిలబడి, కాజా పొట్లం అడుగున అంటుకున్న పాకాన్ని వేలితో తీసి నాకుతున్నాను. అత్తవారింట్లో అయితే ఇలాంటివి చాటుగా చెయ్యాలి. కాకినాడలో మా ఇద్దరిదే కాపురం కాబట్టి కిటికీ తలుపులు బార్లా తీసి మరీ చేస్తున్నాను.

వీధిలో జీపు ఆగింది. గుమ్మంలోకి ఒక పెద్దమనిషి వచ్చారు, చేతిలో బంతిపూల దండతో. ఆయన వెనక ఇద్దరు బంట్రోతులు కాగితం చుట్టిన పెద్ద ఫోటో ఒకటి మోసుకొస్తున్నారు.

"ముకుందం గారి ఇల్లేనా అమ్మా?"

"ఆయ్, ఇదేనండి. ఆయన స్కూలుకి వెళ్ళారు. డ్రాయింగ్ మాస్టారు కదండీ."

"మరి మీరు?"

"భార్యనండి," అన్నాను. మా గుమ్మానికి కట్టిన పెళ్ళి తోరణాలు ఇంకా ఎండలేదు. ఈ మాట చెప్పే అవకాశం ఎవరిచ్చినా వాళ్ళ మీద నాకు అభిమానం పుట్టుకొస్తుంది. గ్యాసు బండ తెచ్చినతనికైతే అడక్కుండానే చెప్పాను.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు. "నేను రాష్ట్ర ఆరోగ్య ప్రమాణాల సంస్థ డైరెక్టరుని. డాక్టర్ పరాంకుశం అంటారు. తమకు సంతోషంతో తెలియజేయు విషయం ఏమనగా, తమ భర్త నార్మల్."

"నాకు ముందే అనిపించిందండి," అన్నాను సిగ్గుపడుతూ. "నిద్రలో నవ్వుతారు, అంతే."

"అది కూడా నార్మలే. ఇవాళ్టినుంచి," అన్నారాయన.

కుర్చీ వేసి, కాజాలు పెట్టి కూర్చోబెట్టాక సంగతంతా చెప్పారు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు ఒంట్లో బాగాలేదని సెలవు అడిగితే, పరీక్షలు చేసి అన్నీ నార్మల్ అన్నారట. అతను కోర్టుకెళ్ళాడు. అతని వకీలు లేచి, "ఎవరి నార్మల్ అండీ?" అని అడిగాడు. జడ్జిగారికి ఆ ప్రశ్న నచ్చింది. కిలో అంటే సర్కారు దగ్గర ఒక రాయి ఉంది, మీటరు అంటే ఒక కడ్డీ ఉంది, మరి నార్మల్ అంటే ఏముంది, తెచ్చి చూపించండి అన్నారు. ప్రభుత్వం బీరువాలన్నీ వెతికింది. ఏమీ లేదు. వెంటనే ఒక చట్టం చేసి, ఒక సంస్థ పెట్టి, దానికొక మేడా, నాలుగు జీపులూ, క్యాంటీనూ ఇచ్చారు. సంస్థవారు ఊరూరా శిబిరాలు పెట్టి జనాన్ని పరీక్షించారు.

"అందరికీ ఏదో ఒకటి ఉందమ్మా," అన్నారు డైరెక్టరు గారు బాధగా. "ఒకరికి షుగరు. ఒకరికి ఉప్పు. ఇంకొకాయనకి అంతా దివ్యంగా ఉంది, కాని ఎడమ చెవి వినపడదు. మంత్రిగారి సంగతి అడక్కండి. చివరికి అన్ని అంకెలూ ఉండవలసిన చోట ఉన్నది ఒక్క మీవారికే. ఇందుమూలంగా వారిని రాష్ట్ర ప్రామాణిక మానవుడిగా ప్రకటించాం. ఇకమీదట ఎవరు ఆరోగ్యంగా ఉన్నారో, ఎవరు లేరో మీవారిని చూసి నిర్ణయిస్తాం."

డిగ్రీలో మా స్టాటిస్టిక్స్ లెక్చరరు, సగటు మనిషి లెక్కల్లోనే తప్ప భూమ్మీద ఎక్కడా ఉండడని చెప్పేవారు. పాపం, ఆయనకు మా ఇంటి అడ్రసు తెలియదు.

ఆ శిబిరం నాకు బాగా గుర్తుంది. పెళ్ళి రిజిస్టరు చేయించుకుందామని మేం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తే, వరండాలోనే టేబుల్ వేసుక్కూర్చున్నారు. పరీక్ష చేయించుకుంటే అరటిపండూ బిస్కెట్ పొట్లమూ ఇస్తున్నారు. మా ఆయన అరటిపండు చూసి ముందుకెళ్ళారు, సూది చూసి వెనక్కొచ్చారు. సూదులంటే ఆయనకు చచ్చేంత భయం. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "కళ్ళు మూసుకోండి, మనం స్కూటరు మీద ఉప్పాడ వెళ్తున్నాం, ఎడమవైపు సముద్రం, కుడివైపు బజ్జీల బండి," అంటూ చెవిలో చెప్తూనే ఉన్నాను. నిజానికి వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపుంటుంది. అది సరిదిద్దే హడావుడిలో ఆయనకు సూది గుచ్చినట్టే తెలియలేదు.

బంట్రోతులు ఫోటో విప్పారు. ఆ రోజు తీసిందే. కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా చెయ్యి మడిచి మా ఆయన. ఫోటో అంచున ఆయన చెయ్యి పట్టుకుని, ఆకుపచ్చ గాజులతో మణికట్టు దాకా నేను. మిగతా నేను లేను.

"మిగతా మిమ్మల్ని అనవసరమని కత్తిరించాం," అన్నారు డైరెక్టరు గారు మర్యాదగా. తర్వాత లేచి, ఆ ఫోటోకి దండ వెయ్యబోయారు.

"అయ్యయ్యో! బతికున్న మనిషి ఫోటోకి దండేంటండీ!" అని కేకేసి లాక్కున్నాను.

"మనిషి అందుబాటులో లేనిచో ఫోటోకు వేయవచ్చునని నిబంధన ఉందమ్మా."

"మనిషి సాయంత్రం వచ్చేస్తారండి!"

ఎక్కడ పెట్టాలో తోచక దండ నేనే వేసుకున్నాను. బడి నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలో నన్ను చూసి, "ఇంకో పెళ్ళేమైనా జరిగిందా?" అని అడిగారు. విషయం విని చాలాసేపు రంగు పెన్సిళ్ళ డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"అయితే నేనిప్పుడు ఏం చెయ్యాలి ప్రసూనా?"

"ఏమీ చెయ్యక్కర్లేదండీ. ఎలా ఉన్నారో అలాగే ఉంటే చాలట."

ఇంతకన్నా తేలికైన ఉద్యోగం మా వంశంలో ఎవరికీ రాలేదు. వీధంతా కాజాలు పంచాను. పక్కింటి వజ్రం పిన్నిగారు రెండు తీసుకుని, "ఏమే పిల్లా, మా ఆయన కూడా నార్మలేనేమో కనుక్కోవే, నాకెప్పటినుంచో అనుమానం," అన్నారు.

*

మర్నాడు డైరెక్టరు గారు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. ఒకరు సంస్థ న్యాయ సలహాదారు తారకేశ్వరి గారు. ఇస్త్రీ మడత చెదరని చీర, ఇస్త్రీ మడత చెదరని మాట. రెండో ఆయన తూనికలూ కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు అప్పలకొండ గారు. విజయనగరం వైపు మనిషి. ప్రామాణికమైన వస్తువు ఏదైనా సరే, ఆయన శాఖ ముద్ర పడితే కాని చెల్లదట.

అప్పలకొండ గారు మా ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు.

"రాయికైతే అడుగున చిల్లుంటాదండి. అందులో సీసం పోసి ముద్దరేత్తాం. మరి ఈరికి అడుగున..."

"వీల్లేదు," అన్నాను.

"ఏటండమ్మా అలగంతారు? రూలది."

తారకేశ్వరి గారు కలగజేసుకున్నారు. "చట్టంలో 'అడుగు' అను పదం నిర్వచించబడలేదు. నిర్వచించబడని చోట సీసం పోయరాదు." ఆమె మీద నాకు ఆ క్షణంలో చాలా ప్రేమ కలిగింది. చివరికి ముంజేతి మీద నీలం సిరాతో గుండ్రటి ముద్ర వేశారు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వంపు బాగా తిరిగిందని మెచ్చుకున్నారు.

"మా ఆఫీసులో కిలో రాయి ఉందండి," అన్నారు అప్పలకొండ గారు కాఫీ తాగుతూ, కన్నబిడ్డ గురించి చెప్తున్నట్టు. "ముకమల్ పెట్టిలో పడుకోబెడతాం. ఉట్టి సేత్తో ముట్టం. సెమట తగిల్తే బరువు మారిపోద్ది కదా. గ్లవుసులేసుకునే ముట్టాల."

డైరెక్టరు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. తారకేశ్వరి గారు తలెత్తారు. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. ప్రామాణిక మానవుడిని ఎవరును ఉత్త చేతులతో తాకరాదు. 'ఎవరును' అనగా భార్యయును.

ఆ ఉత్తర్వుతో పాటు నాకొక పెట్టెడు నీలం రంగు గ్లవుసులు ఇచ్చారు. మొదట ఏడుపొచ్చింది. తర్వాత గాజులు గ్లవుసుల మీంచి వేసుకుంటే బాగానే ఉందనిపించింది. గ్లవుసులతో అన్నం వడ్డించాను, గ్లవుసులతో పాపిడి సరిచేశాను. మా ఆయన నా చూపుడువేలు గ్లవుసు మీద పెన్నుతో చిన్న ముఖం గీశారు. రోజుకో ముఖం. సోమవారం నవ్వు, మంగళవారం అలక, బుధవారం డైరెక్టరు గారు.

అయితే ఆకాశానికి ఉత్తర్వు సంగతి తెలియదు. ఒక సాయంత్రం సముద్రం వైపు నుంచి మబ్బు పట్టింది. మట్టి వాసన వచ్చింది. మేం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. స్కూటరు తాళం ఎవరు తీశారో ఇప్పటికీ తేలలేదు. ఉప్పాడ రోడ్డు మీద సగం దూరం వెళ్ళామో లేదో వాన కుండపోతగా కురిసింది. రోడ్డు పక్క మిరపకాయ బజ్జీ తింటూ, ముక్కులు ఎగపీలుస్తూ, ఉరుము ఉరిమినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి "అమ్మో" అనుకుంటూ తడిసి ముద్దయి ఇల్లు చేరాం. గ్లవుసులు వేసుకునే ఉన్నాను. వాటిలో నీళ్ళు నిండి, పాలపొదుగుల్లా వేలాడాయి.

*

తెల్లారేసరికి మా ఆయనకు నూటొకటి జ్వరం. ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. రోజూ ఉదయం అంకెలు రాసుకోవడానికి వచ్చే సంస్థవారు థర్మామీటరు చూసి నిలువునా కొయ్యబారిపోయారు. కాసేపట్లో డైరెక్టరు గారూ, తారకేశ్వరి గారూ పరుగున వచ్చారు.

"జ్వరం!" అన్నారు డైరెక్టరు గారు.

"ఆ పదాన్ని ఉపసంహరించుకోండి," అన్నారు తారకేశ్వరి గారు. "జ్వరం అనగా నార్మల్‌కు మించిన ఉష్ణోగ్రత. నార్మల్ అనగా సదరు ముకుందం గారి ఉష్ణోగ్రత. ముకుందం గారు ముకుందం గారిని మించిపోవుట చట్టరీత్యా సాధ్యం కాదు. కావున వీరికి జ్వరం లేదు."

"మరి ఎవరికుందండీ?" అని అడిగాను.

ఆమె థర్మామీటరు తిప్పి చూశారు. "వీరికి తప్ప అందరికీ ఏదో ఉంది," అన్నారు.

మధ్యాహ్నం టీవీలో చెప్పారు. రాష్ట్రంలో నార్మల్ ఉష్ణోగ్రత నూటొకటి అని. అంతకు తక్కువ ఉన్నవాళ్ళంతా చల్లబడుతున్నట్టు లెక్క. ఆసుపత్రుల ముందు వరుసలు కట్టారు. ఆఫీసులన్నీ సిక్ లీవులతో ఖాళీ అయ్యాయి. అసలు జ్వరంతో పడుకున్నవాళ్ళని డాక్టర్లు భుజం తట్టి, "మీరు సంపూర్ణ ఆరోగ్యవంతులు, మంచం ఖాళీ చెయ్యండి," అని ఇంటికి పంపేశారు. బడిలో ముక్కు కారని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టారట. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన వజ్రం పిన్నిగారు ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు.

"తొంభై ఎనిమిదే ఉందంటే పిల్లా! డాక్టరు నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండండమ్మా అన్నాడు. బతుకుతానంటావా?"

"బతుకుతారు పిన్నిగారూ. ముందు ఆ దుప్పటి తియ్యండి, చెమటలు కారుతున్నాయి."

"చెమట కూడా చల్లగానే ఉందే!" అని గొల్లుమన్నారావిడ.

నవ్వొచ్చే మాటే కాని, లోపల మంచం మీద మా ఆయన వణుకుతున్నారు. మాత్ర వెయ్యబోతే తారకేశ్వరి గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ప్రామాణిక వస్తువు కొలతను మార్చుట నేరమట. కిలో రాయిని అరగదీసినంత నేరం. మందుల షాపుల్లో జ్వరం మాత్రలన్నీ 'ఆరోగ్య నిరోధక పదార్థాలు' అని అప్పటికే జప్తు చేశారు.

పెళ్ళయ్యాక నాకు మొదటిసారి భయం వేసింది. వంటింట్లోకి వెళ్ళి మిరియాల డబ్బా ముందు నిలబడ్డాను. డబ్బా మూత తీసేలోగా నాకో ఆలోచన వచ్చింది. వెనక్కి తిరిగొచ్చాను.

"మేడం, మా ఆయనకు జ్వరం లేదన్నారు కదండీ?"

"లేదు."

"జలుబు?"

"చట్టరీత్యా లేదు. ముక్కు ఎంత కారవలెనో అంతే కారుతున్నది."

"అంటే ఆయన నిక్షేపంగా ఉన్నారు."

"రాష్ట్రంలో వారొక్కరే."

"నిక్షేపంగా ఉన్న మొగుడికి అన్నంలోకి చారు పెట్టడం ఏ చట్టంలో నేరమండీ?"

తారకేశ్వరి గారు కళ్ళు మూసుకున్నారు. ఆమె ముఖంలోకి మెల్లగా, తీపి తిన్న మనిషికి వచ్చేలాంటి వెలుగొచ్చింది. "ఏ చట్టంలోనూ లేదు," అన్నారు నెమ్మదిగా. "రోగికి ఇస్తే మందు. ఆరోగ్యవంతుడికి ఇస్తే చారు. మీరు లా చదివారా?"

"బీయస్సీ అండి."

మిరియాలూ జీలకర్రా కచ్చాపచ్చాగా దంచి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎక్కువేసి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా పెట్టాను. మా ఆయన ఆరోగ్యవంతుడి హోదాలో మూడు గ్లాసులు తాగి, దుప్పటి కప్పుకుని పడుకున్నారు. సాయంత్రానికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. ఆ రాత్రి వార్తల్లో రాష్ట్రమంతా కోలుకుందన్నారు. వజ్రం పిన్నిగారు గండం గడిచిందని వీధంతా పులిహోర పంచారు.

*

కాని డైరెక్టరు గారు సంతోషించలేదు. రాష్ట్రం ఆరోగ్యం ఒక చారు గిన్నె మీద ఆధారపడరాదని ఆయన అభిప్రాయం. పొద్దున్నే జీపు వచ్చింది. ప్రామాణిక మానవుడిని సంస్థలో అద్దాల గదిలో, స్థిరమైన చల్లదనంలో భద్రపరుస్తారట. సందర్శకులకు ప్రవేశం లేదు. 'సందర్శకులు' అనగా భార్యయును.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగాను.

"ప్రమాణాలకు కాలపరిమితి ఉండదమ్మా," అన్నారు డైరెక్టరు గారు.

మా ఆయన జీపులో కూర్చుని చెయ్యూపారు. నేనూ ఊపాను. జీపు మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నాను. ఇంట్లోకి వస్తే ఒక గ్లాసు, ఒక కంచం, ఒక చెప్పుల జత. కాజా పొట్లం విప్పాను. పాకం ఉంది. నాకాలనిపించలేదు.

ఆ మర్నాటి నుంచి రాష్ట్రానికి ఏదో అయ్యింది. అద్దాల గదిలో మా ఆయనకు నిద్ర లేదని టీవీలో చెప్పారు. గుండె దడదడ. బీపీ నిచ్చెన ఎక్కుతోంది. అన్నం ముద్ద దిగడం లేదు. ఆ అంకెలే ఎప్పటికప్పుడు రాష్ట్రానికి నార్మల్ అయిపోతున్నాయి. ప్రశాంతంగా ఉన్నవాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి. ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రజలు ప్రతి ఉదయం కొంతసేపు కంగారు పడవలెను. అందుకు తగిన కారణం లేనివారికి వార్డు ఆఫీసులో కారణం ఇవ్వబడును.

పార్కుల్లో యోగా చేసేవాళ్ళని చెదరగొట్టారు. ఆఫీసుల్లో మెట్లెక్కి దిగి ఆయాసపడుతూ సంతకాలు పెడుతున్నారు. ఎప్పుడూ తాపీగా ఉండే మా వీధి చివరి దర్జీ, బీపీ సరిపోక ఆసుపత్రిలో చేరాడు. వజ్రం పిన్నిగారికి డాక్టరు పూటకో సీరియల్ రాసిచ్చాడు. "అత్త విషం కలిపే చోట మానెయ్యకుండా చూడాలట పిల్లా," అన్నారావిడ గోళ్ళు కొరుక్కుంటూ. "నాకైతే ఇవాళ చాలా నార్మల్‌గా ఉంది."

నాకు మాత్రం పరీక్ష అక్కర్లేకపోయింది. అందరికన్నా నేనే నార్మల్‌గా ఉన్నాను. నిద్ర లేదు, అన్నం లేదు, గుండె దడదడ.

అప్పుడే గోడకి ఆనించిన ఆ ఫోటో కంటపడింది. కళ్ళు మూసుకున్న మా ఆయన. అంచున ఆకుపచ్చ గాజులు. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత ఫోటోని పాత చీరలో చుట్టి ఆటో ఎక్కాను.

*

సంస్థ మేడలో అందరూ ఆయాసపడుతూ తిరుగుతున్నారు. హాలు మధ్యలో అద్దాల గది. లోపల మా ఆయన స్టూలు మీద కూర్చుని, అద్దం మీద ఆవిరి ఊది, వేలితో నా ముఖం గీస్తున్నారు. ఆవిరి ఆరిపోయినప్పుడల్లా నేను మాయమైపోతున్నాను. ఆయన మళ్ళీ ఊదుతున్నారు. ఆయన నెత్తి మీద పెద్ద తెర మీద అంకెలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆ తెర ఎదురుగా డైరెక్టరు గారూ, తారకేశ్వరి గారూ, ఏడాదికోసారి చేసే తనిఖీకని ముందే వచ్చేసిన అప్పలకొండ గారూ తలలు పట్టుకుని ఉన్నారు.

"ఎవరమ్మా మిమ్మల్ని రానిచ్చింది?" అన్నారు డైరెక్టరు గారు.

"కంగారుగా వచ్చానండి. కాపలా ఆయన చూసి, మీరు చాలా ఆరోగ్యంగా ఉన్నారు వెళ్ళండి అన్నాడు." నేను నేరుగా అప్పలకొండ గారి దగ్గరికి వెళ్ళాను. "అన్నగారూ, మీ కిలో రాయిని ఎండలో తూస్తారా?"

"అమ్మమ్మా! ఎండలో ఎలగ తూత్తామండి? మొదట ఎలగ తూసినారో అలగే తుయ్యాల. అదే సల్లదనం, అదే గాలి. తేడా వొత్తే ఆ తూకం సెల్లదు."

"మరి ఈయన్ని మొదట ఎలా తూచారండీ?"

ఫోటోకి చుట్టిన పాత చీర తీసేసి, దాన్ని టేబుల్ మీద పెట్టాను. గ్లవుసులు తీసి పక్కన పడేసి, ఫోటోలో గాజుల చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. అవే గాజులు. అదే చెయ్యి.

హాల్లో అందరి ఆయాసమూ ఒక్కసారి ఆగింది.

"అంకెలు తీసినప్పుడు ఈ చెయ్యి ఉంది," అన్నాను. "మీరు మిగతా నన్ను కత్తిరించారు కాని, దీన్ని కత్తిరించలేకపోయారు. సూదులకి భయపడే మనిషి గుండె ఆ రోజు అంత తిన్నగా ఎలా కొట్టుకుంది? నా చెయ్యి లేకుండా మీరు తీస్తున్న అంకెలు చెల్లుతాయా? చెప్పండి అన్నగారూ."

అప్పలకొండ గారు ఫోటో మీదకి వంగి, గాజుల్ని వేలితో లెక్కపెడుతున్నట్టు చూసి, నిటారుగా నిలబడ్డారు. "సెల్లవు," అన్నారు. "ముద్దర ఎనక్కి తీసుకోవలసొత్తాది."

"ముద్ర వెనక్కి తీసుకుంటే చట్టం ఖాళీ అయిపోతుంది," అన్నారు డైరెక్టరు గారు, స్తంభం పట్టుకుని. "సంస్థ ఉండదు. జీపులు ఉండవు. తారకేశ్వరి గారూ!"

తారకేశ్వరి గారు అప్పటికే అద్దాల గది తలుపు తెరిపిస్తున్నారు.

లోపలికి వెళ్ళాను. చల్లగా ఉంది. మా ఆయన లేచి నిలబడ్డారు.

"గ్లవుసులేవి ప్రసూనా?"

"టేబుల్ మీద మర్చిపోయానండీ."

చెయ్యి పట్టుకున్నాను. ఉత్త చెయ్యి. ఆయన అరచేతిలో రంగు పెన్సిలు పొడి ఇంకా అంటుకునే ఉంది. నెత్తి మీద తెరలో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి దిగివచ్చి, బడి గంట కొట్టాక పిల్లలు బెంచీల్లో సర్దుకున్నట్టు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. వజ్రం పిన్నిగారి సీరియల్ ఇంక ఆపెయ్యొచ్చు అనుకున్నాను.

తారకేశ్వరి గారు నిలబడే ఉత్తర్వు చెప్పారు, ఒక గుమాస్తా రాసుకున్నాడు. "ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయునది. మనిషి ఆరోగ్యమును కొలుచునప్పుడు సదరు మనిషి చేతిని ఇంకొకరు పట్టుకుని ఉండవలెను. దీనిని పాణిగ్రహణ స్థితి అందురు. ఈ స్థితిలో తీయని కొలత ఏదియు చెల్లదు. 'ఇంకొకరు' అనగా భార్య, భర్త, తల్లి, తండ్రి, తోబుట్టువు, స్నేహితుడు లేక చెయ్యి ఖాళీగా ఉన్న ఎవరైనను. ఎవరూ లేనివారికి ప్రభుత్వమే ఒక చేతిని ఏర్పాటు చేయును. రేపు ఉదయం నుండి అమలు."

"ఆ ఫ్యాక్టరీ కార్మికుడికి కూడానా అండీ?" అని అడిగాను.

"మొదట అతనికే," అన్నారామె. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఎవరినీ చూడకుండా, "సంస్థ ఉద్యోగులకు కూడా రేపే పరీక్ష. నాకు ఇక్కడ బంధువులెవరూ లేరు," అన్నారు.

అప్పలకొండ గారు జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు. "నా సెయ్యి ఖాళీయేనండి," అన్నారు, కిలో రాయితో మాట్లాడేటంత మెత్తగా.

డైరెక్టరు గారు మూలకి వెళ్ళి ఇంటికి ఫోను చేస్తున్నారు. "రేపు ఆఫీసుకి రా... చెయ్యి పట్టుకోవాలి... నీదే... లేదే, ఒంట్లో బాగానే ఉంది... తాగలేదు... ఉత్తర్వే, చూపిస్తా."

ఫోను పెట్టేసి వచ్చి, ఎర్రబడిన చెవులతో చివరి సమస్య ఎత్తారు. ప్రామాణిక మానవుడిని ఏ వాతావరణంలో ఉంచవలెను? మొదటి కొలత నాడు ఆయన మనసు ఎక్కడ ఉంది? అది కూడా స్థితిలో భాగమేనని అప్పలకొండ గారు పట్టుబట్టారు.

"ఉప్పాడ రోడ్డు మీద ఉందండి," అన్నారు మా ఆయన. ఆ మేడలో ఆయన సంస్థవారితో మాట్లాడిన మొదటి మాట అదేనట. "ఎడమవైపు సముద్రం, కుడివైపు బజ్జీల బండి."

"వెళ్ళేటప్పుడు కుడివైపు సముద్రం," అన్నాను.

"రికార్డు ప్రకారం ఎడమవైపే," అన్నారు తారకేశ్వరి గారు కచ్చితంగా. "కావున తిరుగు ప్రయాణమే ప్రమాణం. వెళ్ళి రావలెను."

డైరెక్టరు గారు మైకు తీసుకున్నారు. "రేపు ఉదయం ప్రామాణిక మానవుడు, సదరు చెయ్యితో సహా, స్కూటరుపై ఉప్పాడ బయలుదేరును. వెనుక జీపులో అంకెల బృందం వచ్చును. ఆకాశం మబ్బుగా ఉన్నట్టు సమాచారం. గొడుగు తప్పనిసరి."

నేను బుద్ధిగా తలూపాను. మా ఆయన నా చెయ్యి వదలకుండానే కొంచెం వంగి, "గొడుగు ఇంట్లో మర్చిపోదామా?" అని చెవిలో అడిగారు.

రాష్ట్ర ప్రజలందరూ రేపటికి రుమాళ్ళు సిద్ధం చేసుకోవలసిందిగా మనవి.